గుంట గట్టున ఒక నోటుబుక్

శ్రోతలందరికీ నమస్కారం.

2023లో బ్రెజిల్ దేశంలో ఒక ఆవు విలువ వేలంలో 40 లక్షల డాలర్లు దాటింది. మన డబ్బుల్లో 30 కోట్ల రూపాయల పైమాటే. వేలంలో అంత ధర పలికిన ఆవు అప్పటికి ప్రపంచంలో ఇంకోటి లేదని గిన్నిస్ వాళ్ళు నమోదు చేసుకున్నారు. దాని పేరు వియాటినా-19. తెల్లటి ఒళ్ళు, నిండైన మూపురం, మెడ కింద మడతలు పడి వేలాడే గంగడోలు. ఫోన్‌లో ఆ బొమ్మ మా నాయనకు చూపించాను. కళ్ళజోడు సర్దుకుని కాసేపు చూసి, "ఇది ఒంగోలు ఆవే కదరా, ఏ ఊరిది?" అన్నాడు.

నాయన మాట నిజమే. బ్రెజిల్ వాళ్ళు ఆ జాతిని నెలోర్ అంటారు. అంటే మన నెల్లూరే. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోనే ఉండేది. ఓడెక్కి పోయిన పశువులకు జిల్లా పేరే స్థిరపడిపోయింది. పంతొమ్మిదో శతాబ్దంలో మొదలైన ఆ ప్రయాణాలు 1960ల తొలినాళ్ళ దాకా సాగాయి. ఇవాళ బ్రెజిల్‌లో మాంసం కోసం పెంచే పశువుల్లో ఎక్కువ భాగం ఈ జాతివే.

గుండ్లకమ్మ, మూసీ, పాలేరు, మన్నేరు ఒడ్డున ఆ జాతిని తీర్చిదిద్దింది మన రైతులు. ఏ కోడెను విత్తనానికి ఉంచాలో, ఏ దూడను అమ్మెయ్యాలో తరాల తరబడి కంటితో చూసి తేల్చారు. అంతకన్నా గొప్ప ఇన్నోవేషన్ మన ప్రాంతంలో ఇంకోటి ఉందని నేననుకోను. ఆ తెలివి మాత్రం మనుషుల తలల్లోనే ఉండిపోయింది. పెద్దాయన పోతే ఆయనతోపాటే పోయేది. అక్కడివాళ్ళు చేసిందేమిటంటే, పుస్తకం పెట్టారు. తల్లి ఎవరు, తండ్రి ఎవరు, పుట్టినప్పుడు బరువెంత, ఏడాదికెంత, ఎన్నో నెలలో కట్టింది, అన్నీ రాశారు. ఆ రాతల మీద ఆధారపడే మేలైన కోడెల్ని ఏరుకున్నారు, తర్వాత పిండాల మార్పిడి దాకా వెళ్ళారు. వియాటినా పూర్తి పేరులో ఎఫ్ఐవీ అనే మూడు అక్షరాలు కూడా ఉన్నాయి. టెస్ట్‌ట్యూబ్ పద్ధతిలో పుట్టిన దూడ అని దాని అర్థం.

మన జిల్లాలు ఎదగాలంటే ఏం కావాలని ఎవరినడిగినా పోర్టు, ఫ్యాక్టరీ, సాఫ్ట్‌వేర్ పార్కు అంటారు. అవి రావాల్సిందే, కాదనను. కృష్ణపట్నం పోర్టు వచ్చాక ముత్తుకూరు వైపు ఎంత మారిందో కళ్ళారా చూశాం. కానీ మన చేతిలో ఇప్పటికే ఉన్న పనికి మన దగ్గరే లెక్క లేకపోతే, బయట నుంచి ఎంత వచ్చినా లాభం మన గడప దాటి పోతుంది. ఇది నేను పుస్తకాల్లో చదివి చెబుతున్న మాట కాదు.

మాది నెల్లూరు జిల్లాలో విడవలూరు వైపు. 1990ల మొదట్లో మా ఊళ్ళో వరి మళ్ళు రొయ్యల గుంటలయ్యాయి. అప్పుడంతా టైగర్ రొయ్య. నాయన రెండు గుంటలు తవ్వించాడు. మొదటి పంటల్లో అప్పు తీరింది, పూరిల్లు మిద్దె అయింది. ఆ తర్వాత తెల్లమచ్చ వైరస్ వచ్చింది. సాయంత్రం మేత బాగా తిన్న రొయ్య, తెల్లారేసరికి నడిగుంట వదిలి గట్టు వెంబడి వచ్చి నిలబడింది. చేతిలోకి తీసుకుంటే చిప్ప మీద సున్నం చుక్కలు పెట్టినట్టు మచ్చలు. నాలుగు రోజుల్లో గుంటంతా ఖాళీ. ఆ వాసన ఇప్పటికీ నాకు గుర్తుంది.

అప్పుడు వివరాలు రాసుకోవడానికి ఒకాయన వచ్చాడు. పిల్ల ఎక్కడ తెచ్చారు, ఏ తేదీన వదిలారు, నీళ్ళు ఎప్పుడు మార్చారు, పక్క గుంటలో రోగం ఎప్పుడు మొదలైంది అని అడిగాడు. నాయన దగ్గర ఒక్క కాగితం లేదు. ఇంట్లో ఉన్నవల్లా మేత అప్పు చీటీలు. మాకు అప్పిచ్చినవాడి దగ్గర మా లెక్క పైసలతో సహా ఉంది, మా దగ్గర లేదు. ఊరంతా అంతే. రోగం ఎటు నుంచి వచ్చి ఎటు పోయిందో చెప్పగలిగినవాళ్ళు ఒక్కరూ లేకపోయారు.

1996 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. తీరానికి దగ్గరలో ఉన్న గుంటల మీద ఆంక్షలు పడ్డాయి. 2005లో తీరప్రాంత ఆక్వా సాగుకు ప్రత్యేక చట్టం, దాని కింద ఒక అథారిటీ వచ్చాయి. 2009లో వెనామీ అనే విదేశీ రకం రొయ్యకు అనుమతి వచ్చింది. మళ్ళీ తీరం తేరుకున్నది దానితోనే. వెనామీ అంత బాగా నడవడానికి కారణం అది తొందరగా పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. అది సగమే. తల్లి రొయ్య రోగం లేనిదని పరీక్ష చేసి విదేశాల నుంచి తెస్తారు. చెన్నైలో క్వారంటైన్‌లో పెట్టి మళ్ళీ పరీక్ష చేశాకే, పిల్లను పుట్టించే హ్యాచరీకి ఇస్తారు. హ్యాచరీలో పిల్లకు వైరస్ ఉందో లేదో చూసే పీసీఆర్ పరీక్ష. అంటే ఆ పిల్ల తల్లి ఎక్కడిదో కాగితం మీద ఉంటుంది. మా నాయన దగ్గర లేని కాగితం ఇదే.

ఇప్పుడు మా గుంటలు మా చిన్నాయన కొడుకు చూసుకుంటున్నాడు. గట్టు మీద, నీళ్ళకు గాలి పట్టించే ఏరేటర్ల స్విచ్‌బోర్డు పెట్టిన చిన్న షెడ్డు ఉంది. అందులో మేకుకు తాడుతో వేలాడదీసిన నోటుబుక్ ఒకటి. అట్ట ఉప్పుగాలికి ఉబ్బిపోయింది. గీతలు కొట్టి గళ్ళు వేసుకున్నాడు. తేదీ, పూటకు ఎన్ని కేజీల మేత, తిన్నదెంతో చూడటానికి నీళ్ళలో దించే చెక్‌ట్రేలో ఎంత మిగిలింది, నీటి పులుపు చెప్పే పీహెచ్, తెల్లవారుజామున డీఓ, మబ్బా ఎండా. డీఓ అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్. పగలు ఎండకు నీళ్ళలోని పచ్చనాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే నాచు తిరిగి పీల్చుకుంటుంది. అందుకని తెల్లారగట్ల నాలుగింటికి గుంటలో ఊపిరి అన్నిటికన్నా తక్కువగా ఉంటుంది. లీటరుకు నాలుగు మిల్లీగ్రాములకు పైన ఉంటే ధైర్యం. మూడుకు దిగితే టెన్షన్.

రెండు పంటల పాటు రాశాక వాడికి ఒక విషయం తట్టింది. మబ్బు పట్టిన రోజుల్లో రొయ్య మేత తక్కువ తింటోంది, తను మాత్రం అంతే వేస్తున్నాడు. మిగిలింది అడుగున కుళ్ళి, రెండు రోజులకు డీఓ పడిపోతోంది. నోటుబుక్‌లో ఆ మూడు గళ్ళు పక్కపక్కన పెట్టి చూసుకునేదాకా అది కంటికి ఆనలేదు. మరుసటి పంటకు మబ్బు రోజున మేత తగ్గించాడు. బస్తాలు తగ్గాయి, రొయ్య బరువు తగ్గలేదు. రొయ్యల సాగు ఖర్చులో సగం దాకా మేతకే పోతుంది కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

దీనికి తర్వాతి మెట్టు యంత్రాలు. నీళ్ళలోనే ఉండి డీఓ ఫోన్‌కు పంపే సెన్సార్లు వచ్చాయి. మేత తనంతట తాను చల్లే ఆటోఫీడర్లు వచ్చాయి. వాటిలో ఒక రకం చూస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగా ఉంటుంది. రొయ్య మేత కొరికేటప్పుడు టిక్కు టిక్కుమని చప్పుడు చేస్తుంది. ఈ ఫీడరు నీళ్ళలో పెట్టిన మైకుతో ఆ చప్పుడు విని, రొయ్య ఆకలిగా ఉంటే మేత వేస్తుంది, చప్పుడు తగ్గితే ఆపేస్తుంది. ఇదే రేవుల్లో పుట్టి పెరిగిన మనకు రొయ్య చప్పుడు చేస్తుందనే సంగతే తెలియదు!

ఇవన్నీ కొనగలిగే స్తోమత అందరికీ లేదు. కానీ వీటి చుట్టూ పుట్టే పనులు మన పిల్లలవి కావచ్చు. ముత్తుకూరులో ఫిషరీస్ కాలేజీ 1991 నుంచి ఉంది. అలాంటి చదువు చదివిన కుర్రాడు పట్నం పోకుండా గుంటల నడుమ ఒక గది అద్దెకు తీసుకుని, మైక్రోస్కోపు, నీటి పరీక్ష కిట్లు పెట్టుకుని కూర్చుంటే చుట్టుపక్కల ఊళ్ళకు అది ఆసుపత్రితో సమానం. ఏరేటర్ మోటారు అర్ధరాత్రి కాలిపోతే తెల్లారేలోగా రీవైండింగ్ చేసి ఇచ్చే మెకానిక్ దగ్గరలో ఉంటే ఒక పంట బతుకుతుంది. స్టార్టప్ అంటే నాకు మొదట గుర్తొచ్చేది వీళ్ళే. తమకు తెలిసిన కష్టానికి, తమ ఊళ్ళోనే ఉండి, డబ్బు తీసుకుని పరిష్కారం చూపేవాళ్ళు.

ఒక్క జాగ్రత్త చెప్పాలి. ఈమధ్య మేత అమ్మేవాళ్ళు, అప్పిచ్చేవాళ్ళు ఉచితంగా యాప్‌లు ఇస్తున్నారు. వాడుకోండి, తప్పులేదు. కానీ మీ గుంట సంగతి మీకన్నా ముందు వాళ్ళకు తెలిసిపోయే పరిస్థితి తెచ్చుకోకండి. యాప్‌లో వేసిన ప్రతి అంకె నోటుబుక్‌లో కూడా రాయండి. మా నాయన కాలంలో చీటీలు ఎవరి దగ్గర ఉండిపోయాయో ఇందాకే చెప్పాను.

2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు గుంటల దగ్గర రొయ్య ధర పడింది. అందరిలోనూ గాబరా. కొందరు రొయ్య ఎదగకముందే పట్టేశారు, కొందరు ఆశపడి ఉంచి మేతకు ఇంకా అప్పు చేశారు. కేజీ రొయ్య తయారీకి ఇప్పటిదాకా తనకెంత పడిందో తెలిసినవాడు మాత్రం ఏ కౌంట్‌లో, అంటే కేజీకి ఎన్ని రొయ్యలు తూగినప్పుడు, పట్టేస్తే నష్టం తక్కువో కూర్చుని లెక్క వేసుకోగలిగాడు. నష్టం అతనికీ వచ్చింది. కాకపోతే అది తెలిసి తీసుకున్న నష్టం, తర్వాతి పంటకు కాలు నిలదొక్కుకోనిచ్చే నష్టం.

లెక్కలు రాయడం మన ఆడవాళ్ళకు కొత్త కాదు. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. చదువు నేర్పే కేంద్రాల్లో రాత్రిపూట పలకలు పట్టుకుని కూర్చున్నవాళ్ళు, తమ ఇంటి డబ్బు ఎటు పోతోందో లెక్క చూసుకున్నారు. 1993 అక్టోబర్ నాటికి రాష్ట్రమంతా సారా ఆగింది. ఆ ఊపులోనే ఈ జిల్లాలో పొదుపులక్ష్మి గ్రూపులు మొదలయ్యాయి. రోజుకు ఒక్క రూపాయి. సంతకం పెట్టడం అప్పుడప్పుడే నేర్చినవాళ్ళు మినిట్స్ పుస్తకం రాశారు. ఎవరు కట్టారు, ఎవరు బాకీ, ఎవరికి అప్పిచ్చాం. బ్యాంకులు గ్రూపులకు అప్పు ఇవ్వడానికి ముందుకొచ్చింది ఆ పుస్తకాలు చూసే. పూచీకత్తుకు పొలం లేని మనిషికి ఆ పుస్తకమే పూచీ అయింది. చిన్న ఆహార పరిశ్రమలకు 2020లో వచ్చిన కేంద్ర పథకంలో బ్యాంకు అప్పుతో పెట్టే పెట్టుబడి మీద 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా సబ్సిడీ అన్నారు. రొయ్యల పచ్చడి పట్టే ఇల్లాలైనా, పొదలకూరు నిమ్మకాయతో ఊరగాయ పెట్టే గ్రూపైనా అలాంటి అప్పుకు బ్యాంకు మెట్లెక్కితే మేనేజర్ అడిగేది, నెలకు ఎంత చేశారు, ఎంతకు అమ్మారు అనే.

ఉదయగిరి చెక్క చెంచాలు మీలో చాలామంది చూసే ఉంటారు. కొండ మీది నర్ది, బిక్కి లాంటి కర్రతో చేస్తారు. భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అక్కడ ఒకమ్మ పని చేస్తుంటే పక్కన కూర్చుని చూశాను. కర్ర ముక్కను కాలి వేళ్ళ మధ్య అదిమిపట్టి, ఆకురాయితో గుంట తీసి, ఉప్పుకాగితంతో పామి, బుగ్గకు ఆనించుకుని నునుపు చూసుకుంది. తొలిసారి దూరం నుంచి పెద్ద ఆర్డర్ వస్తే చాలా చెంచాలు వెనక్కి వచ్చాయట. అందంగా లేక కాదు, ఒకదాని పొడవు ఒకదానికి కలవక. "మాకు చెంచా అంటే చెంచానే గదన్నా, పెట్టెలో పట్టాలంటారని మాకేం తెలుసు" అంది. ఆ తర్వాత ఆమె పాత పెళ్ళి శుభలేఖల అట్టలు కత్తిరించి ఒక్కో రకానికి ఒక్కో అచ్చు చేసుకుంది. అట్ట మీద పెన్నుతో పొడవు, వెడల్పు, ఎవరి ఆర్డరో రాసి దారానికి గుచ్చి గోడకు తగిలించింది. ఆ దారం చూసినప్పుడు నాకు మా షెడ్డులోని నోటుబుక్ గుర్తొచ్చింది. ఇప్పుడు ఫోన్‌లో ఆర్డర్ వస్తే ఫలానా అట్ట అని చెప్పి పనికి ఇస్తుంది, చుట్టుపక్కల ఇళ్ళలో ఎవరు చేసినా ఒకే కొలత వస్తుంది.

చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ గురించి ఒక్క మాట. నల్లరాయిలో బంగారు చుక్కలు మెరిసే ఆ రాయి దేశదేశాలకు పోతుంది. చాలావరకు దిమ్మలుగానే ఓడెక్కింది. కోత, పాలిష్, డిజైన్ ఇంకెక్కడో జరిగితే అసలు ఆదాయం ఆ చేతులకే పోతుంది. ఒంగోలు గిత్తకు జరిగిందే రాయికీ జరగకూడదని నా బాధ. గిత్త విషయంలో చదలవాడ పశుక్షేత్రం లాంటి చోట్ల జాతిని కాపాడే పని ఇక్కడా సాగుతోంది. దానికి తోడు ఇంటి దగ్గర ఆవును మేపే రైతు కూడా తన దూడకు తల్లిదండ్రుల పేర్లు, తేదీ రాసి పెట్టుకుంటే, పదేళ్ళకు మన జిల్లాకు మన పుస్తకం ఉంటుంది.

నాయనకు ఎనభై దాటాయి. ఇప్పటికీ తెల్లారగట్ల మెలకువ వస్తే గట్టు మీదికి నడిచి వస్తాడు. డీఓ మీటరు మీద అంకెలు ఆయన చూపుకు ఆనవు. ఏరేటర్ల హోరులో గొంతు పెంచి మా చిన్నాయన కొడుకును, "ఎంతుందిరా?" అని అడుగుతాడు.

"నాలుగుంపావు, పెదనాయనా."

"రాశావా?"

"రాస్తాలే."

"లే గీ వద్దు. ముందు రాయి" అంటాడు. షెడ్డులో లైటు వెలిగి, మేకు మీది నోటుబుక్ కిందికి దిగేదాకా అక్కడే నిలబడి ఉంటాడు.

సెలవు. నమస్కారం.