కయ్యానికీ వియ్యానికీ అదే జోడీ

అందరికీ నమస్కారం.

తిరుమలలో వైకుంఠ ఏకాదశి తర్వాత ఆరో రోజున ప్రణయ కలహోత్సవం జరుగుతుంది. చూసినవాళ్లు ఈ హాల్లో చాలామందే ఉంటారు. స్వామివారి పల్లకి ఒకవైపు నుంచి వస్తుంది, అమ్మవార్లు ఎదురొస్తారు. అమ్మవార్ల తరఫున స్వామి మీదికి పూలచెండ్లు విసురుతారు. ఆ చెండ్లకి జడిసినట్టు స్వామి వెనక్కి తగ్గుతారు. మరోపక్క నిందాస్తుతి పాశురాలు వినబడుతుంటాయి. ఇది చూసి పెరిగిన ఊరికి తిట్టుకునే ప్రేమ గురించి నేను మొదటినుంచీ చెప్పక్కర్లేదు.

కాసేపట్లో మన పిల్లలు ఆడబోయేది షేక్‌స్పియర్ నాటకం, ‘మచ్ ఎడో అబౌట్ నథింగ్’. 1600లో అచ్చయింది. కథ సిసిలీలోని మెస్సీనాలో నడుస్తుంది. పెళ్లి కుదిరేది క్లాడియోకీ హీరోకీ. హీరో అంటే ఇక్కడ అమ్మాయి పేరు. కానీ జనం కళ్లన్నీ ఎదురుపడితే చాలు మాటలతో పోట్లాడుకునే బియాట్రిస్, బెనెడిక్‌ల మీదే. ఇంగ్లండ్ రాజు మొదటి చార్లెస్ కూడా తన దగ్గరున్న షేక్‌స్పియర్ నాటకాల పుస్తకంలో ఈ నాటకం పేరు దగ్గర వీళ్లిద్దరి పేర్లే రాసుకున్నాడు.

బియాట్రిస్ నోటి నుంచి వచ్చే మొదటి మాట జాగ్రత్తగా వినండి. యుద్ధం నుంచి కబురు తెచ్చినతన్ని, బెనెడిక్‌ని ఉద్దేశించి, ఆయనగారు తిరిగొచ్చాడా లేదా అని అడుగుతుంది. పేరు చెప్పదు, కత్తిసాములోని ఒక మాటని వెక్కిరింపుగా తగిలించి అడుగుతుంది. ఆ వెక్కిరింపు తీసేస్తే మిగిలేది, మనిషి ప్రాణాలతో ఉన్నాడా అన్న టెన్షనే. ఇంకొంచెం ముందుకెళ్తే, అతను ఒకప్పుడు తనకి మనసు అప్పిచ్చాడనీ, తను వడ్డీ కింద ఒకటికి రెండిచ్చాననీ అంటుంది. నవ్వుతూనే అంటుంది. కానీ అది పాత దెబ్బ, ఇంకా మానలేదు.

ఆ తర్వాత స్నేహితులంతా కలిసి, చాటునుంచి వినేలా, ఆమె నీకోసం కుమిలిపోతోందని అతనికీ, అతను నీకోసం చస్తున్నాడని ఆమెకీ నూరిపోస్తారు. అంటే పక్కవాళ్లే వీళ్లని ప్రేమలో పడేశారు కదా అంటారు చాలామంది. నేను ఒప్పుకోను. నిప్పే లేకపోతే ఎంత ఊదినా రాజుకోదు. ముందు ఎవరు తగ్గాలన్న బెడద ఒక్కటే వాళ్లు తీర్చారు. అంతదాకా వచనంలోనే చురకలు వేసిన బియాట్రిస్, చాటుమాటు మాటలు విన్నాక ఒంటరిగా పది పాదాల పద్యం ఎత్తుకుంటుంది. మన నాటకాల్లో మాటల మధ్య పద్యం ఎప్పుడు వస్తుందో తెలిసినవాళ్లకి ఆ మార్పు చెవికి ఇట్టే తగులుతుంది.

నాకు ప్రాణమైన సీను చర్చిలోది. ఎవరో అల్లిన అబద్ధం నమ్మి క్లాడియో పెళ్లి పీటల మీదే హీరో పరువు తీసి వెళ్లిపోతాడు. ఆ జంట ఒక్కసారైనా పోట్లాడుకోలేదు, నిజానికి సరిగ్గా మాట్లాడుకోనూ లేదు. గొడవపడాలంటే ఎదుటి మనిషి మాట చివరిదాకా వినాలి. బియాట్రిస్, బెనెడిక్‌లు ఏళ్ల తరబడి చేసింది అదే.

అందరూ వెళ్లిపోయాక హీరో కోసం ఏడుస్తున్న బియాట్రిస్‌తో, లోకంలో నీకంటే ఇష్టమైంది నాకేదీ లేదంటాడు బెనెడిక్. నీకోసం ఏం చెయ్యమంటావో చెప్పమంటాడు. క్లాడియోని చంపు, అంటుంది.

రిహార్సల్స్‌లో బియాట్రిస్ వేషం వేసే మన అమ్మాయి ఈ మాటని మొదట గట్టిగా అరిచింది. నాకేదో వెలితిగా అనిపించింది. నాలుగోరోజు, గొంతు పట్టేసి, చెంగుతో ముక్కు తుడుచుకుంటూ మెల్లగా అంది. ఎదురుగా ఉన్న కుర్రాడు తన డైలాగు మర్చిపోయాడు. అలాగే ఉంచెయ్యమన్నాను.

బెనెడిక్ ముందు కుదరదంటాడు. క్లాడియో అతని ప్రాణస్నేహితుడు. ఆమె కోపమంతా వెళ్లగక్కాక ఒకే ఒక్క ప్రశ్న అడుగుతాడు: హీరోకి అన్యాయం జరిగిందని నీ మనసుకి గట్టిగా తెలుసా? తెలుసంటుంది. సాక్ష్యం అడగడు. ఆమె మాట చాలు, స్నేహితుణ్ణి కత్తి పట్టమని సవాలు చెయ్యడానికి బయల్దేరతాడు.

మన కుర్రాడు ‘చాలు’ అనేముందు ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూస్తూ ఆగుతాడు. ఆ క్షణాన్ని వదలకుండా చూడండి. తెర వెనక గంట కొట్టారు, నేనిక దిగుతాను.