ఇంగ్లిష్‌లో ప్రభావం "చూపదు", "పడదు"

నమస్తే. నల్లగొండ ఫ్లోరైడ్ మీద ఇంగ్లిష్‌లో ఒక్క వాక్యం రాయమంటే చాలామంది ఇట్ల రాస్తరు: "ఫ్లోరైడ్ షోడ్ హెవీ ఎఫెక్ట్ ఆన్ పీపుల్." అర్థమైతది, కానీ అది ఇంగ్లిష్ అక్షరాల్లో ఉన్న తెలుగు. మనం ప్రభావం చూపింది అంటం, పడింది అంటం. ఇంగ్లిష్‌లో ఎఫెక్ట్‌కు జోడీ "హ్యావ్". "హ్యాడ్ యాన్ ఎఫెక్ట్ ఆన్" అని మూడుసార్లు పైకి అనండి. మధ్యలో "యాన్" మింగేయొద్దు.

"అఫెక్ట్" అనే క్రియ వాడితే "ఆన్" తీసేయాలె. "అఫెక్టెడ్ ఆన్" తప్పు, "అఫెక్టెడ్ మెనీ విలేజెస్" ఒప్పు. ఇగ "హెవీ" వానకు, ట్రాఫిక్‌కు, నష్టాలకు సరిపోతది, ఎఫెక్ట్‌కు అతకదు.

అసలు చిక్కు "విస్తృత ప్రభావం" దగ్గర వస్తది. ఏది విస్తరించిందో ముందు చూసుకోండి. మూసీ పొంగి ఊళ్లకు ఊళ్లు మునిగితే, విస్తరించింది జాగా. అప్పుడు "వైడ్‌స్ప్రెడ్ డ్యామేజ్", "వైడ్‌స్ప్రెడ్ ఫ్లడింగ్".

ఫ్లోరైడ్ కథ వేరు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లే తాగుతుంటే పిల్లలకు గార పండ్లొస్తయి. ఇంకా ఎక్కువున్న నీళ్లు ఏండ్ల తరబడి తాగితే ఎముకలు వంకర తిరుగుతయి, మనిషి పనికి పోలేడు, ఇల్లు గడవదు. ఇట్ల దూరం పోయే దానికి "ఫార్ రీచింగ్". "ఫ్లోరైడ్ హ్యాడ్ ఫార్ రీచింగ్ ఎఫెక్ట్స్ ఆన్ పీపుల్స్ లైవ్స్." ఎఫెక్ట్స్ బహువచనం కాబట్టి ముందు "ఎ" రాదు. కాన్సిక్వెన్సెస్, ఇంప్లికేషన్స్ కూడా దీనితో బాగా కలుస్తయి, కాకపోతే వాటి తర్వాత "ఆన్" బదులు "ఫర్" పెట్టండి.

విస్తృతం అనడానికి "స్వీపింగ్" అనే మాట కూడా ఉంది, దాన్ని మాత్రం ఛేంజెస్‌కు, రిఫార్మ్స్‌కు ఉంచండి.

నాకు బాగా నచ్చే జంట "నాక్ ఆన్ ఎఫెక్ట్". సాగర్ ఎడమ కాల్వకు నీళ్లు ఆలస్యమైతే నాట్లు ఆలస్యం, నాట్లు ఆలస్యమైతే మిర్యాలగూడ మిల్లులకు వడ్లు ఆలస్యం. "ద డిలే హ్యాడ్ ఎ నాక్ ఆన్ ఎఫెక్ట్ ఆన్ ద రైస్ మిల్స్." "ఆన్" రెండుసార్లు వస్తది, రెండూ ఉండాలె. అమెరికా వాళ్లు ఇక్కడ ఎక్కువగా "రిపుల్ ఎఫెక్ట్" అంటరు.

ఇగ ఇది మీరు దిద్దండి, వీడియో ఆపి: "పాలమూరు మైగ్రేషన్ షోడ్ బిగ్ ఎఫెక్ట్ ఆన్ చిల్డ్రన్ స్టడీస్."

అయిందా? "మైగ్రేషన్ ఫ్రమ్ పాలమూరు హ్యాజ్ హ్యాడ్ ఎ ప్రొఫౌండ్ ఎఫెక్ట్ ఆన్ చిల్డ్రన్స్ స్కూలింగ్." "ప్రొఫౌండ్" అంటే లోతుగా తాకింది. ఆ ప్రభావం ఇంకా తీరలేదు కాబట్టి "హ్యాజ్ హ్యాడ్".