కూలిన చోట కాసేపు ఆగుదాం

అందరికీ నమస్కారం.

ఏడాది బిడ్డకు చెక్క దిమ్మెలు ఇస్తే వెంటనే కట్టదు. నోట్లో పెట్టుకుంటుంది, రెండిటినీ కొట్టి చప్పుడు వింటుంది, ఈ మూల నుంచి ఆ మూలకు మోస్తుంది. ఇంకా ఆడటం రాలేదనుకోకండి. బరువు, నునుపు, అంచు చేతికి పరిచయమయ్యేది అప్పుడే. సుమారు 15 నెలలకు ఒకదాని మీద ఒకటి నిలబెడుతుంది. రెండేళ్లకు 6 దాకా, మూడేళ్లకు 9 దాకా పేరుస్తుంది. ఇవి సగటు లెక్కలే, కాస్త అటూ ఇటూ అయితే బెంగ పడనక్కర్లేదు.

దిమ్మెను పెట్టడం కంటే వదలడం కష్టం. కింది వరస కదలకుండా వేళ్లు విప్పి, చేయి మెల్లగా వెనక్కి తీసుకోవాలి. ఆ క్షణంలో పిల్లలు ఊపిరి బిగబడతారు, చూడండి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది వంతెన. మూడేళ్ల ప్రాంతంలో వస్తుంది. రెండు దిమ్మెలు ఎడంగా పెట్టి, మూడోది పైన అడ్డంగా వేయాలి. ఎడం ఎక్కువైతే పైది పడిపోతుంది. అంకెలు రాయడం రాకముందే ‘ఎంత దూరం’ అన్న లెక్క అక్కడ మొదలవుతుంది.

1840లో కిండర్‌గార్టెన్ అన్న పేరు పెట్టిన జర్మన్ విద్యావేత్త ఫ్రోబెల్ పిల్లలకిచ్చిన ఆటవస్తువుల్లో ఒకటి, 8 చిన్న ఘనాలుగా విడిపోయే చెక్క ఘనం. విడదీయాలి, మళ్లీ కలపాలి. సగం, పావు అన్నవి బోర్డెక్కడానికి ఎన్నో ఏళ్ల ముందే చేతికి అందేస్తాయి.

పెద్దవాళ్లం తొందరపడేది కూలినప్పుడే. పరుగున వెళ్లి ‘ఇలా పెట్టాలమ్మా’ అని మనమే కట్టేస్తాం. నేనూ అలాగే చేసేదాన్ని. కాసేపు ఆగితే, బిడ్డ ఆ ముక్కల వైపే చూస్తూ ఉంటుంది. ఈసారి పెద్దది కిందికి వస్తుంది. ఆ ఆలోచన తనది. పక్కన కూర్చుని ‘ఏది ముందు జారింది?’ అని అడగండి, చాలు. కింద, పైన, మధ్యలో, సమానం అన్న మాటలు ఇలాంటి కబుర్లలోనే నిలబడతాయి. మూడేళ్ల లోపు వాళ్లకు మాత్రం గొంతులో ఇరుక్కునేంత చిన్న ముక్కలు ఇవ్వొద్దు.

8 బొడిపెల లెగో ఇటుకలు ఒకే రంగువి 6 ఉంటే, వాటిని 91 కోట్లకు పైగా రకాలుగా కలపొచ్చు. కాబట్టి కొత్త సెట్టు కొనే ముందు, ఉన్నవాటితోనే పెట్టె మీది బొమ్మ చూడకుండా ఒకటి కట్టమనండి. అదేమిటో మీరు ఊహించి చెప్పకండి. వాళ్లనే చెప్పనివ్వండి.