బ్యాటరీ కాదు బాబాయ్, ముందు డైనమో చూడు

(షాట్: తెల్లవారుజాము. ఒడిశాలోని సిమిలిగుడలో రోడ్డు పక్కన చిన్న షాపు. ముందు అల్లం బస్తాలతో పికప్ బండి, బానెట్ ఎత్తి ఉంది. పొగమంచులో బల్బు వెలుగు.)

నమస్కారం. ఈ బండి మొన్న రాత్రే సాలూరు దిగిపోవాలి. కుందులి సంతలో సరుకెత్తుకుని బయల్దేరింది, పొట్టంగి కూడా దాటలేదు. మంచుకి వైపర్లు వేశారు, ఫ్యాన్ వేశారు, హెడ్‌లైట్లు ఎలాగూ ఉండాలి. కాసేపటికి లైట్లు ఎర్రబడిపోయాయి, వైపరు అద్దం మధ్యలో ఆగిపోయింది. ఇంకా నయం, సుంకి ఘాట్ దిగక ముందే ఆగింది. ఇంకో బండికి కట్టి వెనక్కి లాక్కొచ్చారు.

(షాట్: డ్రైవరు బాబాయ్, చేతిలో టీ గ్లాసు.)

"ఏటి మేస్త్రీ, బ్యాటరీ వేసి నాలుగు నెల్లు కాలేదు. మళ్లీ పోనాదేటి?"

"బ్యాటరీ ఎందుకు మార్చావు బాబాయ్?"

"సెల్ఫ్ తిరగలేదు. మార్చీమన్నారు, మార్చీసినాను."

ఇదండీ అసలు సంగతి. సెల్ఫ్ తిరక్కపోతే తిట్లన్నీ బ్యాటరీకే. బ్యాటరీ గాదె లాంటిది. పంట ఇంటికి రాకుండా గాదె మారిస్తే ఏమొస్తుంది? పంట పండించేది, అంటే ఇంజనుతో తిరిగి కరెంటు పుట్టించేది, ఆల్టర్నేటరు. మన పాత డ్రైవర్లు ఇప్పటికీ డైనమో అనే అంటారు. నిజానికి డైనమో వేరే సరుకు, ఎప్పుడో పోయింది, పేరు మాత్రం మిగిలింది. నేనూ అలాగే అంటాను, ఏమనుకోకండి.

(షాట్: మీటరు దగ్గరగా. బ్యాటరీ టెర్మినళ్ల మీద ఎర్ర, నల్ల ముల్లులు.)

రాత్రంతా బ్యాటరీని ఛార్జరు మీద పెట్టాను. తీసి రెండు గంటలు ఊరకే వదిలేశాక ఇప్పుడు చూస్తున్నాం. వోల్టులు కొలిచే మీటరుని డీసీ 20 మీద పెట్టండి. 12.5 వచ్చింది. 12.6 ఉంటే నిండు కుండ, 12.2 దగ్గరికొస్తే సగమే ఉన్నట్టు, 12 కంటే దిగితే ఖాళీ లెక్క. ఇప్పుడు బాబాయ్ సెల్ఫ్ కొడతాడు, మీటరునే చూడండి. 10.4కి దిగి మళ్లీ లేచింది. 9.6 కంటే కిందకి పడితే బ్యాటరీని అనుమానించొచ్చు. ఇది పడలేదు. బ్యాటరీది ఏ తప్పూ లేదు.

ఇప్పుడు ఇంజను నడుస్తోంది. 12.3. కొంచెం రేస్ ఇచ్చాడు. 12.3. హెడ్‌లైట్లు వేశాడు. 12.0, ఇంకా దిగుతోంది. ఆల్టర్నేటరు పని చేస్తుంటే ఇక్కడ 13.8 నుంచి 14.5 దాకా ఉండాలి. 15 దాటితే అదింకో రోగం. రెగ్యులేటరు, మనవాళ్ల భాషలో కటౌటు, పోయి బ్యాటరీని ఉడకబెడుతోందన్న మాట. లోడు లారీలకి 24 వోల్టులు కాబట్టి అక్కడ 28 చుట్టుపక్కల చూసుకోండి. కొత్త బళ్లలో కొన్నిటికి కంప్యూటరే వోల్టేజీని పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. అలాంటి బండిలో ఒక్కసారి 12.8 చూసి డైనమో పోయిందని పరిగెత్తకండి, లైట్లన్నీ వేసి మళ్లీ కొలవండి.

తక్కువ వచ్చింది కదా అని వెంటనే పానా పట్టుకోకండి. ముందు డైనమోని తిప్పే బెల్టు. దీని బెల్టు లోపలివైపు అద్దంలా నునుపెక్కింది, అయినా జారట్లేదు. తర్వాత, డైనమో వెనక లావు వైరు బిగించే బోల్టు మీదే ముల్లు పెట్టి చూడండి. అక్కడ 14 ఉండి బ్యాటరీ దగ్గర 12 ఉంటే డైనమో బాగున్నట్టే, దారిలో వైరో, ఫ్యూజు లింకో, తుప్పు పట్టిన ఎర్తో కరెంటు తినేస్తోంది. మా వైపు వానలకి ఎర్తు తుప్పు పట్టడం మామూలే. ఇక్కడ మాత్రం రెండు చోట్లా అదే 12.

(షాట్: డాష్‌బోర్డు. కీ ఆన్. ఆయిల్ లైటు వెలిగింది. బ్యాటరీ బొమ్మ వెలగలేదు.)

ఇక్కడ కొంచెం ఆగుదాం. బాబాయ్ ఏమన్నాడో వినండి.

"ఎర్ర లైటు వెలగలేదు మేస్త్రీ, అందుకే ఛార్జింగు బాగుందనుకున్నాను."

చాలామంది తడబడేది ఇక్కడే. బండి నడుస్తుంటే ఆ లైటు ఆరిపోవాలి, నిజమే. కానీ కీ ఆన్ చేసి స్టార్ట్ చెయ్యక ముందు అది తప్పకుండా వెలగాలి. ఇలాంటి పాత బళ్లలో ఆ చిన్న బల్బు గుండా పోయే కరెంటే డైనమో లోపల తిరిగే రోటరుని మొదట అయస్కాంతంగా చేస్తుంది. ఆ దారి తెగితే లైటూ లేదు, ఛార్జింగూ లేదు. మొన్నొకాయన మీటరు బోర్డు మెరవాలని ఆ బల్బు తీసి ఎల్‌ఈడీ పెట్టించుకున్నాడు. ఎల్‌ఈడీ తీసుకునే కరెంటు చాలక, గట్టిగా రేస్ ఇస్తే తప్ప డైనమో లేచేది కాదు. పాత బల్బు పెట్టాం, సరిపోయింది.

దీనికి పరీక్ష చిన్నదే. కీ ఆన్‌లో ఉంచి, డైనమో వెనక ఎల్ అనో డి ప్లస్ అనో రాసున్న సన్న వైరు ఊడదీసి ఇంజను బాడీకి ఆనించండి. లావు వైరు జోలికి మాత్రం వెళ్లకండి. అదిగో, లైటు వెలిగింది. అంటే బల్బూ బాగుంది, వైరూ బాగుంది. తెగింది డైనమో లోపలే. కంప్యూటరుతో నడిచే కొత్త బళ్ల మీద ఈ పని చెయ్యొద్దు.

ఇంకో పాత అలవాటు ఉంది. నడుస్తున్న ఇంజనుకి బ్యాటరీ వైరు పీకి, ఆగకపోతే డైనమో మంచిదే అనడం. అసలైన డైనమోల కాలంలో అది చెల్లింది. ఇప్పుడలా పీకితే వోల్టేజీ ఎగసి, డైనమోలో ఏసీని డీసీగా మార్చే డయోడ్లు పోతాయి, బండిలో కంప్యూటరుంటే అదీ పోవచ్చు. ఎవరైనా చేస్తుంటే చెయ్యి పట్టుకు ఆపండి.

(షాట్: డైనమో వెనక భాగం. నల్లటి ఆయిలు కారిన గుర్తు.)

రోగం పుట్టింది ఇదిగో, ఇక్కడ. డీజిల్ పికప్పుల్లో, జీపుల్లో చాలావాటికి డైనమో వెనకే వాక్యూమ్ పంపు ఉంటుంది. ఒకే ఇరుసు. బ్రేకు తేలిగ్గా పడేది ఆ పంపు వల్లే, దానికి ఇంజను ఆయిలే తిండి. ఆయిల్ సీలు అరిగితే ఆ ఆయిలు డైనమోలోకి దిగుతుంది. రోటరుకి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు తడిసి, పొడి ముద్దకట్టి బిగుసుకుపోతాయి. ఇందులో జరిగింది అదే.

ఇక్కడే ఇంకో మాట. ఇలాంటి బళ్లలో ఆ బెల్టే చాలాసార్లు వాటరు పంపుని కూడా తిప్పుతుంది. ఘాట్‌లో బెల్టు తెగిందనుకోండి, ఛార్జింగు, ఇంజను చల్లదనం, బ్రేకు సాయం మూడూ ఒకేసారి పోతాయి. బ్రేకు రెండు మూడు తొక్కులు తేలిగ్గా పడి తర్వాత రాయిలా గట్టిపడుతుంది. న్యూట్రల్‌లో దిగే అలవాటున్నవాళ్లు అది కాస్త గుర్తుంచుకోండి. నా టూల్‌బాక్సులో ఎప్పుడూ ఒక బెల్టు స్పేరుంటుంది.

(షాట్: పనిముట్లు. బ్యాటరీ నెగెటివ్ వైరు ఊడదీస్తున్న చెయ్యి.)

ముందు బ్యాటరీ నెగెటివ్. కీ ఆపేసినా డైనమో లావు బోల్టులో ఎప్పుడూ కరెంటు ఉంటుంది. పానా బాడీకి తగిలిందంటే నిప్పురవ్వల దీపావళే. వైర్లు ఊడదీసే ముందు ఫోనుతో ఒక ఫొటో తీసుకోండి. తర్వాత ఆయిలు పైపులు, వాక్యూమ్ హోసు. కింద గుడ్డ పెట్టండి, ఆయిలు కారుతుంది. పైన జారుడు గాడిలో ఉన్న బోల్టు వదులు చేసి, డైనమోని ఇంజను వైపు నెట్టి బెల్టు తియ్యండి. కింది పొడుగు బోల్టు లాగితే డైనమో చేతిలోకి వచ్చేస్తుంది.

రిపేరా, కొత్తదా? ఒట్టి బ్రష్‌లు గానీ కటౌటు గానీ అయితే నేను మార్చి ఇచ్చేస్తాను, వందల్లో పోతుంది. ఇది చేత్తో తిప్పి చూడండి. బేరింగు గరగరమంటోంది, లోపలి తీగచుట్ట ఆయిల్లో నానింది. దీని మీద డబ్బు పెట్టమని నేను చెప్పను. కొత్తది కొనేటప్పుడు పాతది పక్కనే పెట్టుకోండి. ఆంపియర్లు, పుల్లీ గాళ్లు, బోల్టు చెవుల దూరం, వెనక సాకెట్టు, అన్నీ కలవాలి.

(షాట్: కొత్త డైనమో పంపులోకి నాలుగు చుక్కల ఆయిలు.)

బిగించే ముందు పంపులో కొంచెం ఇంజను ఆయిలు పొయ్యండి, ఒట్టిగా తిరిగితే అరుగుతుంది. పైపు వాషర్లు కొత్తవే వెయ్యండి. ఉన్న బెల్టు నునుపెక్కింది కాబట్టి దాన్నీ మార్చేశాం. నడుమ బొటనవేలితో గట్టిగా నొక్కితే 10 మిల్లీమీటర్లు దిగాలి. ఎక్కువ దిగితే జారుతుంది, అసలు దిగకపోతే బేరింగుని తినేస్తుంది. తనంతట తానే బిగించుకునే టెన్షనరున్న బండికి ఈ లెక్క అక్కర్లేదు. నెగెటివ్ వైరు అన్నిటికంటే చివర.

(షాట్: డాష్‌బోర్డు. కీ ఆన్. బ్యాటరీ బొమ్మ ఎర్రగా వెలిగింది.)

"వెలిగింది మేస్త్రీ!"

"స్టార్ట్ చెయ్యి బాబాయ్."

ఆరింది. 14.2. హెడ్‌లైట్లు, వైపరు, ఫ్యాను అన్నీ వేశాం, 13.9. ఇప్పుడు మీటరుని ఏసీకి తిప్పండి. 0.5 దాటకూడదు, దాటితే డయోడు పోయినట్టు. 0.04 ఉంది. బాబాయ్ బ్రేకు నాలుగుసార్లు తొక్కాడు, పెడలు మెత్తగానే ఉంది. పైపుల దగ్గర ఆయిలు తడి లేదు. ఆయిలు పోయింది కాబట్టి డిప్‌స్టిక్ తీసి ఇంజనులో తక్కువైనంతా పోశాం.

"ఇంతకీ పాత బ్యాటరీ ఏం చేశావు బాబాయ్? నాలుగు నెల్ల కిందట తీసినది?"

"తుక్కోడికి ఇచ్చీసినాను."

(షాట్: పికప్ రోడ్డెక్కింది. మంచు ఇంకా విడలేదు, రెండు లైట్లూ తెల్లగా.)