ఒకే వచనం, రెండు సగాలు: యోనా వదిలేసిన ముక్క, నహూము పట్టుకున్న ముక్క

వందనాలండి. బైబిలు దగ్గర పెట్టుకుని కూర్చోండి. ఒక పెన్సిలు కూడా తీసుకోండి, ఈ రోజు దాంతో పనుంది.

"పాత నిబంధనలో దేవుడు కోపిష్ఠి, కొత్త నిబంధనలో ప్రేమమయుడు." ఈ మాట ఎన్నిసార్లు విన్నారో చెప్పండి. నాకైతే లెక్క లేదు. ఇది నిన్నమొన్న పుట్టిన మాట కూడా కాదు. రెండో శతాబ్దంలో మార్సియన్ అనే ఆయన ఇద్దరూ వేర్వేరు దేవుళ్లేనని బోధించాడు. రోము సంఘం ఆయన్ని వెలివేసింది. సంఘం వెలివేసినా ఆ ఆలోచన మాత్రం మన వరండాల్లో ఇంకా తిరుగుతూనే ఉంది.

ఈ వీడియోలో ఆ వాదనకి జవాబు చెప్పడం నా ఉద్దేశం కాదు. పాపం విషయంలో దేవుని తీర్పు, కనికరం రెండూ ఎలా నడుస్తాయో బైబిల్లోనే వేలు పెట్టి చూసే పద్ధతి ఒకటి చూపిస్తాను. ఒకే వచనం పట్టుకుని నాలుగు చోట్లకి వెళ్దాం.

(తెరపై: నిర్గమకాండము 34:6, 7)

నిర్గమకాండం 34 తియ్యండి. ఆరు, ఏడు వచనాలు. చదివేముందు ఇది ఎప్పుడు పలికిన మాటో గుర్తు తెచ్చుకోండి. రెండు అధ్యాయాల వెనక బంగారు దూడ ఉంది. నిబంధన చేసుకుని రెండు నెలలు కూడా కాలేదు. మోషే నలభై రోజులు కొండ మీద ఉంటే కింద వీళ్లు దూడను చేసుకున్నారు. పలకలు పగిలాయి. ఆ రోజు దాదాపు 3,000 మంది చనిపోయారు. మోషే "వీళ్లను క్షమించు, లేదంటే నీ గ్రంథంలోంచి నా పేరు తుడిచెయ్యి" అన్నాడు. అంత గొడవ అయ్యాక, బండ సందులో నిలబడ్డ మోషే ముందు దేవుడు తన పేరు తానే ప్రకటించుకున్నాడు. అంటే "నేనెవర్ని" అనే ఈ మాట ప్రశాంతంగా ఉన్న రోజున వచ్చింది కాదు. ఇల్లు తగలబడి ఇంకా పొగ తగ్గని రోజున వచ్చింది.

ఇప్పుడు చదవండి. కనికరం, దయ, దీర్ఘశాంతం, విస్తారమైన కృపాసత్యాలు. వేయి వేలమందికి కృప. దోషమును, అపరాధమును, పాపమును క్షమించడం. ఇక్కడ పెన్సిలుతో ఒక నిలువు గీత గియ్యండి. గీత తర్వాత ఏముంది? దోషులను నిర్దోషులుగా ఎంచడు. తండ్రుల దోషాన్ని మూడు నాలుగు తరాల వరకూ రప్పిస్తాడు.

గీతకి ఎడమ పక్క మనకి ఇష్టం. వాల్ క్యాలెండర్ల మీద పడేది అదే. కుడి పక్కది క్యాలెండరు మీద నేనింతవరకూ చూడలేదు.

ఎడమ పక్క ఒక మాట దగ్గర కాసేపు ఆగుదాం. దీర్ఘశాంతం. హీబ్రూలో దీనికి వాడిన మాట "ఎరెక్ అప్పాయిమ్". అక్షరాలా చెప్పాలంటే "ముక్కు పొడుగు". నవ్వకండి. హీబ్రూలో ముక్కుకీ కోపానికీ ఒకటే మాట, "అఫ్". మనకిది అర్థం కావడం ఎవరికన్నా సులువే, ఎందుకంటే మనమూ "వాడికి ముక్కు మీదే కోపం" అంటాం కదా. కోపం ముక్కు మీద కూర్చున్నవాడికి అది దిగడానికి క్షణం చాలు. ముక్కు పొడుగున్న దేవుడికి కోపం రావడానికి చాలా దూరం నడవాలి. అలాగని అసలు రాదని కాదు.

ఇంకొకటి. క్షమించేవాటిలో మూడు పేర్లు ఉన్నాయి చూడండి: దోషం, అపరాధం, పాపం. ఊరికే మూడుసార్లు చెప్పింది కాదు. మొదటిది "అవోన్", వంకరపోవడం. రెండోది "పెష", తిరుగుబాటు, తెలిసి తెలిసి ఎదురు తిరగడం. మూడోది "హత్తా", గురి తప్పడం. న్యాయాధిపతులు 20:16లో ఎడమచేతి వాటం ఉన్న 700 మంది తలవెంట్రుకకి గురిపెట్టి వడిసెల విసిరినా తప్పరని ఉంటుంది. అక్కడ "తప్పడం" అన్నదీ ఇదే మాట. చేతకాక చేసింది, వంకర బుద్ధితో చేసింది, కావాలని చేసింది, మూడూ ఎడమ పక్కనే ఉన్నాయి. తిరుగుబాటుకి క్షమాపణ లేదని ఎవరన్నా భయపెడితే ఈ వచనం చూపించండి. ఇక్కడ "క్షమించు" అన్నచోట హీబ్రూలో ఉన్నది "నాసా", ఎత్తుకోవడం, మోయడం. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ కలుస్తుంది.

కుడి పక్క మూడు నాలుగు తరాల సంగతి. పిల్లలు చేయని తప్పుకి పిల్లల్ని శిక్షిస్తాడా అని అడుగుతారు, అడగాలి కూడా. యెహెజ్కేలు 18వ అధ్యాయం మొత్తం ఆ ప్రశ్న మీదే ఉంది. తండ్రులు పుల్ల ద్రాక్షలు తింటే పిల్లల పళ్లు పులిశాయి అన్న సామెతని ఇక వాడొద్దంటాడు ప్రవక్త. పాపం చేసినవాడే దానికి బాధ్యుడు. మరి ఇక్కడ మాటేమిటి? దీనికి జవాబు రెండో చోట దొరుకుతుంది. పదండి.

(తెరపై: సంఖ్యాకాండము 14)

కాదేషులో ఉన్నారు. పన్నెండుమంది వేగులవాళ్లు దేవుడు ఇస్తానన్న కనాను దేశాన్ని చూసి వచ్చారు, పదిమంది మన వల్ల కాదన్నారు, జనం ఐగుప్తుకి తిరిగి పోదామంటున్నారు. మోషే బతిమాలుతూ 18వ వచనంలో ఏం చేశాడో చూడండి. కొండ మీద తను విన్న మాటనే తిరిగి దేవుడికి అప్పజెప్పాడు. కొన్ని ముక్కలు వదిలాడు, కానీ "దోషులను నిర్దోషులుగా ఎంచడు" అన్న ముక్కని మాత్రం వదల్లేదు. ఆ ముక్క మానేసి క్షమాపణ అడగడం తేలికే. ఆయన అలా అడగలేదు.

20వ వచనంలో జవాబు వచ్చింది: క్షమించాను. బతిమాలిన మాటకి సూటిగా, వెంటనే. తర్వాత మూడు వచనాలు దిగండి. వీళ్లెవరూ ఆ దేశం చూడరు. ఇరవై ఏళ్లు దాటినవాళ్లలో కాలేబు, యెహోషువ తప్ప అందరూ అరణ్యంలోనే రాలిపోతారు. దేశాన్ని వేగుచూసిన నలభై రోజులకి, రోజుకో ఏడాది చొప్పున నలభై ఏళ్లు.

క్షమించాక శిక్షేమిటి అనిపిస్తుంది. మన బుర్రలో క్షమాపణ అంటే ఫైలు మూసెయ్యడం. ఇక్కడ క్షమాపణ అంటే ఆ జనాన్ని తుడిచెయ్యకుండా, తనతోనే ఉంచుకోవడం. మేఘం ఆ నలభై ఏళ్లూ వాళ్ల మీద నుంచి లేచిపోలేదు, మన్నా ఆగలేదు. వాళ్లు చేసినదాని ఫలితం కూడా లేచిపోలేదు.

33వ వచనం మీద వేలు పెట్టండి. పిల్లలు అరణ్యంలో నలభై ఏళ్లు తిరుగుతూ తండ్రుల పాపఫలితాన్ని భరిస్తారు. "భరించడం" అన్నచోట ఇందాకటి మాటే, నాసా. మూడు నాలుగు తరాలంటే ఏమిటో ఇక్కడ కళ్లకు కడుతుంది. ఆ పిల్లలు దోషులని ఎవరూ అనలేదు. దేశంలోకి వెళ్లేది కూడా వాళ్లే. కానీ తాత, తండ్రి, మనవడు ఒకే గుడారంలో ఉన్నప్పుడు తాత చేసిన అప్పు మనవడి కంచందాకా వస్తుంది. తాగుబోతు ఇంట్లో పెరిగినవాళ్లకి ఈ వచనం ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు.

సరే, ఇప్పుడు ఈ వీడియోకి అసలు కారణమైన చోటు.

(తెరపై: యోనా 4:2)

యోనా అనగానే చేప. దేవుడు నీనెవెకి వెళ్లమంటే పారిపోయిన ఈ ప్రవక్తను మింగిన చేపను కాసేపు పక్కన పెడదాం. నాలుగు అధ్యాయాల పుస్తకంలో ఆ కథ మనకి ఎంత అడ్డమంటే, నాలుగో అధ్యాయం చదవనివాళ్లు సగం మంది ఉంటారని నా అనుమానం.

నీనెవె ఎక్కడుంది? హిద్దెకెలు అని మన బైబిలు అనే టైగ్రిస్ నది ఒడ్డున, ఇప్పటి ఇరాక్‌లో మోసూల్ ఎదురుగా దాని దిబ్బలు ఇప్పటికీ ఉన్నాయి. అది అష్షూరు రాజ్యపు పట్టణం. ఆ రాజ్యం ఎలాంటిదో తెలియాలంటే లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలోని లాకీషు శిల్పాలు చూడాలి. క్రీ.పూ. 701లో యూదా పట్టణం లాకీషును ఎలా పట్టుకున్నాడో, బందీలను ఏం చేశాడో అష్షూరు రాజు సన్హెరీబు తన కోట గోడల మీద చెక్కించుకున్నాడు. సిగ్గుపడి దాచుకున్నది కాదు, అతిథులకి చూపించుకున్నది. అంతకు ముందే క్రీ.పూ. 722 ప్రాంతంలో రాజధాని షోమ్రోనును పడగొట్టి ఇశ్రాయేలు రాజ్యాన్ని లేకుండా చేసిందీ ఈ అష్షూరే. ఈ పుస్తకాన్ని చదువుకున్న యూదులకి నీనెవె అంటే అది.

అక్కడ యోనా చెప్పిన ప్రసంగం హీబ్రూలో ఐదే మాటలు. ఇంకా నలభై రోజులు, నీనెవె తారుమారవుతుంది. "తారుమారు" అన్న క్రియ సొదొమ నాశనానికి వాడినదే. కానీ అదే క్రియకి మనసు మారడం అనే అర్థం కూడా ఉంది, సౌలుకి దేవుడు వేరే మనసు ఇచ్చాడన్నచోట వాడారు. యోనా ఒక అర్థంతో పలికాడు, రెండో అర్థంతో నెరవేరింది. నాకు ఈ పుస్తకంలో చాలా ఇష్టమైన చోటు ఇదే.

రాజు సింహాసనం దిగి బూడిదలో కూర్చున్నాడు. పశువులకి కూడా గోనెపట్ట కట్టించారు, ఊహించుకోండి. కానీ 3:10 జాగ్రత్తగా చదవండి. దేవుడు ఏం చూశాడు? గోనెపట్ట చూశాడని లేదు, ఉపవాసం చూశాడని లేదు. వాళ్ల క్రియలు, చెడు నడత మానుకోవడం చూశాడు. ఇది నా తెలివి కాదు, క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన, యూదు బోధకుల ధర్మశాస్త్ర వివరణల గ్రంథం మిష్నాలో, కరువు ఉపవాసాల రోజున పెద్దలు జనానికి చెప్పే మాటగా ఉంది. రాజు మానమన్నది కూడా ఒట్టి "పాపం" కాదు, వాళ్ల చేతుల్లో ఉన్న బలాత్కారం. ఆ గోడల మీద చెక్కించుకున్నదే.

మరి దేవుడు మాట తప్పాడా? యిర్మీయా 18:7, 8 పక్కన రాసుకోండి. ఒక జనాన్ని పెల్లగిస్తానని నేను చెప్పాక ఆ జనం చెడుతనం మానితే నేనూ ఆ కీడు మానుకుంటాను అని ఉంటుంది. హెచ్చరిక అన్నాక దాని పనే అది.

ఇక 4:2. యోనాకి ఒళ్లు మండిపోయింది. "నాకు తెలుసు, అందుకే తర్షీషుకి పారిపోయాను" అంటూ నిర్గమకాండం 34నే వల్లించాడు. ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి పెన్సిలుతో కొట్టేస్తూ రండి. కటాక్షం ఉంది. జాలి ఉంది. దీర్ఘశాంతం ఉంది. కృప ఉంది. సత్యం? లేదు. "నిర్దోషులుగా ఎంచడు"? లేదు. ఆ చోట "కీడు చేయక మానుదువు" అని పెట్టాడు. అంటే దేవుడి మీద యోనా ఫిర్యాదు అదే: నీ పేరులో రెండో సగం నువ్వే మర్చిపోయావు. తమాషా ఏమిటంటే యోనా తండ్రి పేరు అమిత్తయి, అది "సత్యం" అనే మాటలోంచి పుట్టిన పేరు.

యోనాను తిట్టడం తేలిక. నేనూ తిట్టేవాణ్ణి. కానీ మన ఊరిని తగలబెట్టినవాడు ఒక వారం ఉపవాసముండి లేచిపోతే మనమేం అంటామో! ఆయన అడిగింది న్యాయమే. మరి చేప కడుపులోంచి తను బయటపడ్డప్పుడు మాత్రం ఈ న్యాయం గుర్తు రాలేదు.

దేవుడు వాదించలేదు. ఒక చెట్టు మొలిపించాడు. మన అనువాదంలో సొరచెట్టు, ఆముదం చెట్టు అయ్యుండొచ్చని చాలామంది పండితులు అంటారు. ఒక్క రోజు నీడ. మర్నాడు పురుగు. చెట్టు వాడిపోతే చచ్చిపోతానన్నాడు యోనా. నువ్వు నాటని చెట్టు మీద నీకింత జాలి ఉంటే, కుడి ఎడమలు తెలియని లక్షా ఇరవై వేలమందికంటే ఎక్కువమంది, బోలెడు పశువులు ఉన్న ఊరి మీద నాకు ఉండొద్దా? ప్రశ్నతోనే పుస్తకం అయిపోయింది. యోనా ఏమన్నాడో లేదు.

(తెరపై: నహూము 1:3)

ఇప్పుడు రెండు ఆకులు తిప్పండి. మీకా దాటితే నహూము. అదే నీనెవె. మూడో వచనం: దీర్ఘశాంతుడు, మహాబలముగలవాడు, దోషులను నిర్దోషులుగా ఎంచడు. కనికరం లేదు, కృప లేదు, ఆ చోట బలం ఉంది. యోనా వదిలేసిన ముక్క ఇక్కడుంది, యోనా వల్లించింది చాలావరకూ ఇక్కడ లేదు. రెండిట్లోనూ ఉన్నది ఒక్కటే, ఆ పొడుగు ముక్కు.

ఐగుప్తులోని నో అమోను పట్టణం పడిపోయిన సంగతి నహూము జరిగిపోయిన కథలా చెప్తాడు, అది క్రీ.పూ. 663. నీనెవె బబులోను, మాదీయుల చేతిలో కూలింది క్రీ.పూ. 612. ఈ మధ్యలో ఎప్పుడో పలికిన మాటలివి. ప్రవక్త యోనాను 2 రాజులు 14:25 రెండో యరొబాము కాలంలో పెడుతుంది. అంటే యోనా రోజుల నుంచి నీనెవె కూలేదాకా నూటముప్ఫై ఏళ్లకు పైమాటే. పశ్చాత్తాపపడ్డ తరం పోయింది, బలాత్కారం మళ్లీ మొదలైంది. నహూము ఆఖరి వచనం కూడా ప్రశ్నే: నీ హింస తగలనివాడెవడు?

యోనా పుస్తకంలో దేవుడు నీనెవె పిల్లలవైపు నుంచి అడుగుతున్నాడు. నహూములో ప్రశ్న నీనెవె తొక్కేసినవాళ్లవైపు నుంచి వస్తోంది. తీర్పు లేని కనికరం ఆ రెండోవాళ్లకి ఎలా వినపడుతుందో ఆలోచించండి.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఇది చూశాక తుఫాను వచ్చినప్పుడల్లా, పక్కింట్లో జబ్బు చేసినప్పుడల్లా "ఏం పాపం చేశారో" అని లెక్క కట్టకండి. లూకా 13లో సిలోయములో గోపురం కూలి పద్దెనిమిదిమంది చనిపోయిన వార్త ఉంది. వాళ్లు మిగతావాళ్లకంటే పాపులని అనుకుంటున్నారా అని యేసు అడిగి, కాదన్నాడు. "మీరు మారుమనస్సు పొందండి" అన్నది మాత్రం వదల్లేదు. వెంటనే ఒక అంజూరపు చెట్టు కథ చెప్పాడు. మూడేళ్లుగా కాపు లేదు, నరికెయ్యమన్నాడు యజమాని. తోటమాలి ఈ ఒక్క ఏడూ ఆగమన్నాడు, చుట్టూ తవ్వి ఎరువు వేస్తానన్నాడు. గొడ్డలి ఎక్కడికీ పోలేదు, పలుగు మాత్రం ముందొచ్చింది. మరుసటి ఏడు చెట్టు కాసిందో లేదో లూకా రాయలేదు.

ఇంటికి పని. నెహెమ్యా 9:17, కీర్తన 86:15, కీర్తన 103:8, కీర్తన 145:8, యోవేలు 2:13. ఐదు చోట్లా ఇదే వచనం తునకలుగా ఉంది. ఏ ముక్క ఉంచారో ఒక రంగుతో, ఏది వదిలారో పక్కన ఇంకో రంగుతో రాసుకోండి. ఎవరు, ఏ రోజున, ఎవరి కోసం చెప్తున్నారో కూడా. యోవేలు దగ్గర కాస్త ఎక్కువసేపు కూర్చోండి, యోనా మాటలే దాదాపుగా వస్తాయి, కానీ ఆయన వాటిని, ఏడుస్తూ దేవుని దగ్గరికి తిరిగి రండని జనాన్ని పిలుస్తూ పలికాడు. మీరు రాసినవి కామెంట్లలో పెట్టండి, వచ్చే వీడియో అక్కణ్ణుంచే మొదలుపెడదాం.