వెంచర్ క్యాపిటల్ ఎవరికి పనికొస్తుంది, ఎలా తెచ్చుకోవాలి: చిత్తూరు, తిరుపతి వ్యాపారులకు

తెర మీద: దామలచెరువు మండీలో బెంగుళూరు మామిడి లోడ్లు

వాయిస్: మీకు గుజ్జు ఫ్యాక్టరీ ఉందనుకుందాం. సీజన్‌లో కాయ కొనడానికి డబ్బు కావాలి, గుజ్జు అమ్ముడై డబ్బు చేతికొచ్చేసరికి నెలలు పడుతుంది. ఈ అవసరానికి వెంచర్ ఫండ్ దగ్గరికి, అంటే కంపెనీలో వాటా తీసుకుని డబ్బు పెట్టేవాళ్ల దగ్గరికి వెళ్లకండి. ఇది వర్కింగ్ క్యాపిటల్, బ్యాంకు పని. క్యాష్ క్రెడిట్ లిమిట్ పెంచమని అడగండి. తాకట్టు పెట్టడానికి ఆస్తి చాలకపోతే చిన్న పరిశ్రమల అప్పులకు పూచీ ఇచ్చే సీజీటీఎంఎస్ఈ గ్యారంటీ కింద ఇస్తారేమో కనుక్కోండి. అప్పు తీర్చేస్తే బ్యాంకుతో లెక్క ముగుస్తుంది. షేర్లు ఇస్తే అవతలివాళ్లు కంపెనీలో ఉండిపోతారు.

వెంచర్ ఫండ్ వాళ్లు పెట్టేది కూడా వేరేవాళ్ల సొమ్మే. సాధారణంగా ఎనిమిది, పదేళ్లలో దాన్ని లాభంతో తిరిగివ్వాలి. పెట్టిన కంపెనీల్లో చాలావరకు మునిగిపోతాయనీ, ఒకటో రెండో పదింతలై ఆ నష్టాన్ని పూడుస్తాయనీ లెక్క వేసుకునే దిగుతారు. రెండో లైను వేసి టర్నోవర్ రెట్టింపు చేసే ఫ్యాక్టరీ మంచి వ్యాపారమే. కానీ ఆ లెక్కకు అది సరిపోదు.

తెర మీద: పలమనేరు దగ్గర పాల సేకరణ కేంద్రం, వెన్న శాతం చూపించే మెషిన్

వాయిస్: ఇప్పుడు ఇంకో కంపెనీ చూద్దాం. పాల కేంద్రాల్లో వెన్న శాతం, లీటర్లు, రైతు ఖాతా అన్నీ ఒకే చోట నమోదు చేసే సాఫ్ట్‌వేర్ అమ్ముతోంది. పలమనేరులో పనిచేసింది కుప్పంలోనూ, కోలారులోనూ, సేలంలోనూ అలాగే పనిచేస్తుంది. ఫండ్ వాళ్లు ఇలాంటిదాన్ని ఆసక్తిగా చూస్తారు. చూసి మొదట అడిగేది ఒక్క కేంద్రం లెక్క.

తెర మీద: నెలకు వచ్చేది 1,500. ఖర్చు 600. మిగిలేది 900. కొత్త కేంద్రాన్ని తేవడానికి 7,200.

వాయిస్: అంటే ఎనిమిది నెలలకు పెట్టిన ఖర్చు తిరిగొస్తుంది. కేంద్రాలు సగటున మూడేళ్లు ఉంటే ఇది బంగారం లాంటి లెక్క. ఆరో నెలకే మానేస్తుంటే, ఎంత పెరిగితే అంత నష్టం. అందుకే ఏ నెలలో చేరినవాళ్లలో ఎంతమంది మిగిలారో నెలవారీ పట్టిక మీ దగ్గర ఉండాలి. స్లైడ్లు ఎంత అందంగా ఉన్నా ఈ పట్టిక లేకపోతే మాట ముందుకు సాగదు.

ఎంత అడగాలి? నెలకు రాబడి పోను 9 లక్షలు ఖర్చవుతుంటే, 18 నెలలకు 1.62 కోట్లు. కొంత వెసులుబాటు కలిపి 2 కోట్లు అడగొచ్చు. డబ్బు చేతికి రావడానికి నాలుగు నుంచి ఆరు నెలలు పట్టడం మామూలే. ఖాతాలో రెండు నెలల జీతాలే మిగిలినప్పుడు బయల్దేరితే, ఏ షరతు పెట్టినా ఒప్పుకోవాల్సి వస్తుంది.

ఎవరిని అడగాలి? సెబీ వెబ్‌సైట్‌లో రిజిస్టరైన ఫండ్ల జాబితా ఉంటుంది. ఫండ్ మొదలై ఎన్నేళ్లయిందో చూడండి. ఆరేడేళ్లు దాటినదైతే పాత కంపెనీలను అమ్ముకునే పనిలో ఉంటుంది, కొత్తవి ఎత్తుకోవడం అరుదు. వాళ్లు ఇప్పటికే డబ్బు పెట్టిన కంపెనీ యజమాని చేత పరిచయం చేయించుకోవడం అన్నిటికన్నా మంచి దారి. చెన్నై, బెంగుళూరు రెండూ మనకు పొద్దున వెళ్లి రాత్రికి తిరిగొచ్చే దూరమే, ఆ వీలు వాడుకోండి. ఇంకా మొదటి అడుగులో ఉన్నవాళ్లు, స్టార్టప్‌లకు సాయం చేసే సంస్థలైన తిరుపతిలోని రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ కేంద్రంలోనూ, ఐఐటీ తిరుపతి నవావిష్కార్ ఐ-హబ్‌లోనూ అడిగి చూడండి. ఫండింగ్ ఇప్పిస్తాం, ముందు ప్రాసెసింగ్ ఫీజు కట్టండి అనేవాళ్లకు ఒక్క రూపాయి ఇవ్వొద్దు.

తెర మీద: కంపెనీ విలువ 8 కోట్లు + పెట్టుబడి 2 కోట్లు = 10 కోట్లు

వాయిస్: ఫండ్ నుంచి టర్మ్ షీట్, అంటే పెట్టుబడి షరతులు రాసిన కాగితం వచ్చింది. 2 కోట్లకు 20 శాతం. మీకు 80 మిగిలిందనుకుంటారు. కింద ఇంకో వాక్యం ఉంటుంది: ఉద్యోగుల షేర్ల కోసం 10 శాతం పక్కన పెట్టాలి, అదీ పెట్టుబడికి ముందే. అంటే ఆ పదీ మీ వాటాలోంచే పోతుంది. మీకు మిగిలేది 70, అంటే 7 కోట్లు. పైన రాసిన 8 కోట్లు అసలు మీది కాదు. రాబోయే ఏడాదిన్నరలో ఎవరెవరిని చేర్చుకుంటారో జాబితా రాసి చూపించి, ఐదారు శాతం చాలని వాదించండి.

ఇంకోటి, లిక్విడేషన్ ప్రిఫరెన్స్, అంటే కంపెనీ అమ్ముడుపోతే ముందు ఫండ్ తన డబ్బు తీసుకునే హక్కు. కంపెనీ 5 కోట్లకే అమ్ముడుపోయిందనుకోండి. మామూలు షరతులో ఫండ్ తన 2 కోట్లు తీసుకుంటుంది, మిగతా 3 కోట్లు మిగిలినవాళ్లవి. పార్టిసిపేటింగ్ అనే మాట ఉంటే 2 కోట్లు తీసుకున్నాక మిగిలిన 3 కోట్లలోనూ 20 శాతం, అంటే 60 లక్షలు పట్టుకుపోతుంది. ఆ మాట తీయించండి. విలువ కొంచెం తగ్గించుకునైనా సరే.

టర్మ్ షీట్‌లో చాలావరకు చట్టపరంగా కట్టుబడాల్సినవి కావు. కానీ వేరే ఫండ్లతో మాట్లాడకూడదనే షరతు మాత్రం కట్టిపడేస్తుంది. దాన్ని 45 రోజులకు మించనివ్వకండి.

తరవాత మీ కాగితాలన్నీ తిరగేస్తారు. మన దగ్గర బేరాలు ఎక్కువగా ఆగేది ఇక్కడే. ట్రేడ్‌మార్క్ నాన్నగారి పేరున ఉంటుంది, కంపెనీకి రాసిస్తూ అసైన్‌మెంట్ డీడ్ చేయించాలి. బావమరిదికి నోటిమాటగా పావు వాటా ఇచ్చి ఉంటారు, అది రాతలో తేల్చుకోవాలి. అమ్మకాల డబ్బు సొంత ఖాతాకు ఫోన్‌పేలో వచ్చి ఉంటుంది, జీఎస్టీ రిటర్నులకూ పుస్తకాలకూ పొంతన కుదరదు. పార్ట్‌నర్‌షిప్‌గా నడుస్తుంటే ముందు ప్రైవేట్ లిమిటెడ్‌గా మార్చుకోవాలి. ఇవన్నీ టర్మ్ షీట్ రాకముందే మీ ఆడిటర్‌తో కూర్చుని సరిచేసుకోండి.

తెర మీద: బోర్డు తీర్మానం, పాస్-4 (షేర్ల ఆఫర్ లేఖ), పాస్-3 (షేర్లు కేటాయించినట్టు కంపెనీల రిజిస్ట్రార్‌కు ఇచ్చే పత్రం)

వాయిస్: కంపెనీల చట్టం 42వ సెక్షన్ ప్రకారం డబ్బు దీనికోసమే విడిగా పెట్టిన బ్యాంకు ఖాతాలోకి రావాలి, నగదుగా తీసుకోకూడదు. వచ్చిన 60 రోజుల్లోపు షేర్లు కేటాయించాలి, కేటాయించిన 15 రోజుల్లోపు పాస్-3 దాఖలు చేయాలి. విదేశీ ఫండ్ అయితే కేటాయించిన 30 రోజుల్లోపు రిజర్వ్ బ్యాంకుకు ఎఫ్‌సీ-జీపీఆర్ అనే పత్రం కూడా. పాస్-3 దాఖలయ్యేదాకా ఆ డబ్బు వాడుకోవడానికి చట్టం ఒప్పుకోదు. అందుకని ఆ నెల జీతాలకూ, సప్లయర్ల చెక్కులకూ వేరే డబ్బు సిద్ధంగా పెట్టుకోండి.