బ్యాంకు కాగితానికి ఉన్న కాపలా ఫోన్‌కి ఏదీ?

అధ్యక్షులకు, గ్రంథాలయ మిత్రులకు నమస్కారం. రాజ్యాంగ దినోత్సవం కదా, పీఠిక మీద మాట్లాడదామని రాసుకొచ్చాను. ఆ కాగితం పక్కన పెట్టేస్తున్నాను. పోయిన నెల మా మనవడికి జరిగింది మీకు చెప్పాలి.

ట్యూషన్ నుంచి వస్తుంటే చౌరస్తాలో పోలీసులు బండి ఆపారు. లైసెన్స్, ఆర్‌సీ చూపించాడు. "ఫోన్ లాక్ తియ్యి" అన్నారు. పంతొమ్మిదేళ్ల పిల్లాడు, ఏమంటాడు? తీశాడు. వాట్సాప్‌లో గంజాయి అని కొట్టి వెతికారు. ఏమీ దొరకలేదు. అయినా ఫొటోలు తెరిచారు. వాళ్లమ్మ స్కానింగ్ రిపోర్టులు ఒక్కొక్కటే జరుపుతూ చూశారు. తర్వాత పొమ్మన్నారు. ఇప్పుడు వాడు బయటికెళ్లే ముందు గుమ్మంలో నిలబడి మెసేజ్‌లు చెరిపేసుకుంటున్నాడు. ఏ తప్పూ చెయ్యని పిల్లాడండీ! 2021లో హైదరాబాద్ రోడ్ల మీద ఇలా ఫోన్లు వెతికిన వీడియోలు చూసి బాధపడ్డాను. మా ఇంటిదాకా వస్తుందనుకోలేదు.

నేను ముప్పై రెండేళ్లు బ్యాంకులో చేశాను. అందుకే కెనరా బ్యాంకు కేసు చెప్పకుండా ఉండలేను. అది మన ఉమ్మడి రాష్ట్రం కేసు. స్టాంపు చట్టం 73వ సెక్షన్‌ని 1986లో సవరించారు. కలెక్టర్ పంపిన మనిషి ఎవరైనా సరే, బ్యాంకులోకి వచ్చి ఖాతాదారుల దస్తావేజులు చూడొచ్చు, పట్టుకుపోవచ్చు. కారణం రాయనక్కర్లేదు. బ్యాంకులు కోర్టుకెక్కాయి, హైకోర్టు ఆ సెక్షన్‌ని కొట్టేసింది. 2004లో సుప్రీంకోర్టూ అదే సరైందంది. కాగితం బ్యాంకు బీరువాలో ఉన్నంత మాత్రాన దాని మీద ఖాతాదారుడి గోప్యత పోదు, గోప్యత మనిషిది, చోటుది కాదు అని చెప్పింది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జిలు ఒక్క మాటగా గోప్యత ప్రాథమిక హక్కన్నారు.

బీరువాలో కాగితానికి అంత కాపలా! ఆ బీరువాలన్నీ ఇప్పుడు ఒక్క ఫోన్‌లో ఉన్నాయి. దానికి మాత్రం కారణం లేదు, కాగితం లేదు, బొటనవేలు పెడితే చాలు.

వెనక నిలబడ్డ కానిస్టేబుల్ బాబూ, నీ మీద కోపం లేదు. గంజాయి పట్టుకోండి, నేనూ అదే కోరతాను. అనుమానం ఉంటే ఏం అనుమానమో రాసి చూపించండి. వారెంటు లేకుండా ఇల్లు సోదా చెయ్యాలంటే ముందు కారణం రాయాలని చట్టంలో ఉంది కదా. సోదాని వీడియో తియ్యాలని 2024 జులై నుంచి, పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన కొత్త చట్టమూ (బీఎన్ఎస్ఎస్) చెబుతోంది.

ఎస్పీ గారికి అర్జీ రాసి తెచ్చాను. లాయర్ మిత్రులు ఒకసారి చూసి తప్పులుంటే దిద్దండి. సంతకం పెట్టేవాళ్లు సభ అయ్యాక రీడింగ్ రూమ్‌కి రండి. మా మనవడు అక్కడే ఉన్నాడు.